నాలుగు వేళ్ల కురచ

అబ్బాయిలూ, మొన్న ఆదివారం మీరు నలుగురూ మా ఇంటికి వచ్చి కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. తప్పు నాదే. మీ చేతిలోంచి బట్ట లాక్కుని, "పోండి, ముందు ఈడ నుంచి పోండి" అని అరిచాను. మా కోడలు ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడటం లేదు. పెద్దతనానికి మర్యాద లేకపోతే ఎట్లా అని దాని బాధ.

మీరు అడిగింది మంచి మాటే. పాతకాలపు రౌతుల వేషం కట్టి, అద్దె గుర్రాలెక్కి, కడపలో ప్రదర్శన ఇస్తామన్నారు. నాటకాల బట్ట వద్దు, అచ్చం ఆనాటి బట్టే కావాలన్నారు. కడపలో ఒక ముసలి దర్జీ ఇంట్లో పాత దూది అంగీ ఉందని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చారు. నేనూ సంబరపడి ట్రంకుపెట్టె తెరిచాను. మీలో కళ్లద్దాల కుర్రవాడు అంగీని మంచం మీద పరిచి, చేత్తో కొలిచి చూసి, "తాతా, కుట్టు బ్రమ్మాండంగా ఉండాది గానీ ఎడమ చెరగు నాలుగు వేళ్లు కురచైంది. మా టైలర్ కాడ సరిచేపిస్తాంలే" అన్నాడు. అంతే, నాకు ఒళ్లు మండింది. ఆ మంట ఆ అబ్బాయి మీద కాదు. ఆ మాట నేనూ ఒకప్పుడు అన్నాను, ఆ అబ్బాయి వయసులోనే.

ఇప్పుడు చెబుతాను, వినండి. నాకు కాళ్లు ఒకచోట నిలవవు, రాస్తూ రాస్తూ నాలుగుసార్లు లేచి వాకిట్లోకి పోయివస్తున్నాను. మధ్యలో తెగితే మీరే అతికించుకోండి.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో ఆఫీసులకు కొంపలు చాలక డేరాలు వేశారు. అవును, డేరాల్లోనే సర్కారు నడిచింది. గాలి లేస్తే గుమాస్తాల కాగితాలు ఎగిరిపోయేవి, వాటి వెనక బంట్రోతులు పరిగెత్తేవాళ్లు. ఆ డేరాలు కుట్టే, చిరిగితే మాటేసే షెడ్డు ఒకటి ఉండేది. పత్తికొండ దగ్గర పల్లెలో జాకెట్లూ చొక్కాలూ కుట్టుకునే నేను ఇరవై రెండేళ్లప్పుడు అందులో చేరాను. చిన్న సూది వదిలి దబ్బనం పట్టాను.

మా మేస్త్రీ పటాలానికి డేరాలు కుట్టి వచ్చిన మనిషి. పొద్దున షెడ్డులో అడుగుపెడితే గొంతు వీధి చివరికి వినబడేది. ఆయనకు దేవుడి కంటే గజంబద్ద ఎక్కువ. "ఎడమ, కుడి ఒకటి కాకుంటే అది డేరా కాదురా, గాలిపటం" అనేవాడు. ఒక పక్క కాస్త తగ్గిందో, ఆ గజంబద్ద మా వీపుల మీదికి వచ్చేది. ఏడాది తిరిగేసరికి నా కంటికి వంకర కనబడితే చేతులు దురద పెట్టే స్థితికి వచ్చాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, నా కొంప ముంచింది ఈ దురదే.

ఆ రోజుల్లో ఊళ్లో పెద్ద ఊరేగింపు ఒకటి తలపెట్టారు. అందులో పాతకాలపు వేషంలో పన్నెండు మంది రౌతులు నడవాలన్నారు. ఆ పని చూడమని ఒక ఆఫీసరు గారిని పెట్టారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, చదువుకున్న మనిషి, ఎండకు ఎర్రగా కమిలిపోయి ఉండేవాడు. ముందు నాటకాల వాళ్ల దగ్గర మఖ్మల్ అంగీలు తెప్పించారు. జలతారు పూలు, వీపున హుక్కులు. ఆయన ఒకటి ఎత్తి చూసి కింద పడేశాడు.

"ఇది గుర్రమెక్కే బట్టా అండీ, గుర్రం మీద పెళ్లికి పోయే బట్టా? కత్తి దెబ్బ తగిలితే ఆగేది కావాలి నాకు. అచ్చం అలాంటిదే కుట్టాలి. పదిహేను రోజులున్నాయి."

మందం బట్ట, మందం దారం అనేసరికి పని మా షెడ్డు మీద పడింది. జీనుల కింద పరిచే దూది మెత్తలూ, నడికట్లూ, పన్నెండు అంగీలూ మేమే కుట్టాలి. కానీ అసలైన అంగీ ఎట్లా ఉంటుందో చూసినవాడు మాలో ఒక్కడూ లేడు. మాదిరి లేకుండా దర్జీ ఏం కుడతాడు, వాడి తలకాయ!

మాదిరి జుట్కా స్టాండులో దొరికింది. గుర్రాల కోసం పోయాం అక్కడికి. సర్కారు గుర్రాలు చాలవని జుట్కా గుర్రాలనే తీసుకోవాలనుకున్నారు. స్టాండులో అందరికంటే పెద్దవాడు ఒక సాయిబు. అరవై దాటాయి, గడ్డం తెల్లబడింది, మనిషి మాత్రం నిటారుగా ఉన్నాడు. మాదిరి కావాలని మేస్త్రీ చెప్పగానే నవ్వాడు.

"దానికేమప్పా, మా ఇంట్లోనే ఉండాది. మా దాదాది. మా నాయనను కన్నాయన. నవాబు కాడ రౌతు."

పాతూరులో వాళ్ల ఇంటికి మేస్త్రీ నన్ను పంపాడు. తెల్లటి గుడ్డలో వేపాకు వేసి చుట్టిన అంగీని ఆయన నా ముందు విప్పాడు. మోకాలు దాటి పిక్కల దాకా వచ్చే పొడుగు. రెండు బట్టల మధ్య దూది, దాని మీద వేలెడు వేలెడు ఎడంతో అడ్డంగా నిలువుగా కుట్లు. రంగు వెలిసి ఎర్రమట్టి రంగులోకి వచ్చింది. చంకల కింద నల్లగా చెమట మరకలు. నేను చెయ్యి చాపితే ఆయన ఇవ్వలేదు.

"ఇచ్చేది ఇస్తా. రెండు మాటలు చెప్తా, ఇను. ఒకటి, కుట్టు విప్పగాకు. పైనుంచి చూడు, కొల్చుకో, ఇప్పొద్దు. రెండోది, ఆ దినం ఈ అంగీ ఏసుకోని నేను గుర్రమెక్కల్ల. పన్నెండు మంది ఎనక పదమూడోవాణ్ణి నేను."

"నువ్వా చాచా?" అన్నాను. నవ్వు ఆగలేదు నాకు.

"నవ్వుతావేమప్పా? మా దాదా గుర్రం మీద కూచున్న్యాడు. నవాబు రాజ్యం పాయ. మా నాయన బతుకంతా గుర్రం ఎనక కూచున్న్యాడు, నేనూ ఎనకనే కూచున్న్యా. తోక చూసుకుంటా ముసిలోణ్ణయితి. బస్సులొచ్చినాయి, రేపు ఆ తోక గూడా ఉండదు. ఒక్కసారి మీద కూచోవల్ల. ఈ అంగీతోనే."

నాకు నవ్వు పోయింది. రెండు మాటలకూ సరేనన్నాను. ఆఫీసరు గారూ ఒప్పుకున్నారు, వేళకు సిద్ధంగా ఉంటేనే అని ఒక మెలిక పెట్టి.

షెడ్డుకు తెచ్చి బల్ల మీద పరిచాను. పొడుగు కొలిచాను, భుజాలు కొలిచాను. లోపల దూది ఎన్ని పొరలుందో, పొరకూ పొరకూ మధ్య ఏముందో పైనుంచి ఎట్లా తెలుస్తుంది? వేలితో నొక్కి చూశాను, వెలుతురుకు పట్టి చూశాను. ఒకరోజు పోయింది, రెండు రోజులు పోయాయి. మేస్త్రీ నా నెత్తిన నిలబడి "ఏమిరా, దానికి పూజ చేస్తాండావా?" అని అరుపులు. దర్జీ అనేవాడు మాదిరి దొరికితే విప్పి, ముక్కలు పరిచి, గీత గీసుకుంటాడు. మా చేతులకు తెలిసిన దారి అదొక్కటే. మూడోరోజు మధ్యాహ్నం అందరూ అన్నానికి పోయినప్పుడు చంక కింద జానెడు కుట్టు విప్పాను. జానెడే అనుకున్నాను. మళ్లీ మూసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను.

దారం పట్టి లాగితే దారం రాలేదు, బట్ట వచ్చింది. నూరేళ్లు దాటిన బట్ట, కుట్టే దాన్ని పట్టి ఉంచింది. కుట్టు పోయేసరికి ఎడమ పక్కంతా చేతుల్లోనే పీలికలైంది. ఎక్కడ ముట్టుకుంటే అక్కడ పొడి రాలింది. ఇక దాచి లాభం లేదని మిగిలినదంతా విప్పేశాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, విప్పుతుంటే ఒకవైపు ఏడుపు, ఒకవైపు కుతూహలం. పొరల మధ్య పలచని మేకతోలు ముక్కలు పెట్టి ఉన్నాయి. పైనుంచి కొలిస్తే అవి ఏ జన్మకూ తెలిసేవి కావు.

పైనుంచి కొలిచినప్పుడు ముడతనుకున్నాను గానీ, ముక్కలన్నీ పరిచి చూస్తే ఎడమ చెరగు కుడిదాని కంటే నాలుగు వేళ్లు కురచగా ఉంది. ఇంకేం, నా చేతులకు దురద పుట్టింది. ఆనాటి దర్జీ తాగి కోశాడో, తడిసి ముడుచుకుపోయిందో అనుకున్నాను. మేస్త్రీకి చూపించి, "రెండూ సమం చేసేదా?" అని అడిగాను.

"అడగాల్నా? సరిచెయ్యి. మంచి కన్ను పడిందిరా నీకు" అని నా భుజం తట్టాడు. ఆ షెడ్డులో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

పన్నెండు అంగీలకూ ఎడమ కుడి సమంగా కోశాను. ముసలాయన అంగీని కూడా మళ్లీ కట్టాను. పైన నిలబడగలిగిన పాత ముక్కలు పెట్టాను, లోపలంతా కొత్త దూది. పీలికలైన ఎడమ చెరగు బదులు కొత్త బట్ట వేసి, తంగేడు చెక్క కషాయంలో మూడుసార్లు ముంచి, మట్టిలో పొర్లించి, ఎండలో వేసి పాత రంగు తెప్పించాను. దాన్నీ కుడిదానికి సమం చేశాను. పాత పీలికలను మిషను కింద గోనెసంచిలో కుక్కి పెట్టాను. మేస్త్రీకి విప్పిన సంగతి తెలుసు గాని, ఇచ్చిన మాట సంగతి తెలియదు.

ఆ పది రోజులూ నేను నేను కాదు. అన్నం సయించేది కాదు. కుడుతుంటే దబ్బనం వేలికి గుచ్చుకునేది. ముసలాయన రోజూ సవారీలు దింపి షెడ్డు ముందు జుట్కా ఆపేవాడు. దిగేవాడు కాదు, అక్కడి నుంచే కేకేసేవాడు.

"అంగీ ఎట్లుండాదప్పా?"

"బాగుండాది చాచా."

"ఇప్పలేదు కదా?"

"లేదు చాచా."

రోజూ అదే ప్రశ్న, రోజూ అదే అబద్ధం. ఒకరోజు కుంటుతూ దిగాడు. తెల్లవారకముందే తుంగభద్ర ఇసుకలో తన గుర్రమెక్కి నేర్చుకుంటున్నాడట. "అది పుట్టినప్పుట్నుంచి బండి లాగిందే గానీ మనిషిని మొయ్యల్యా. రెండుసార్లు కింద ఏసె. అయినా నిన్న ఇరవై అడుగులు నడిచిందప్పా!" అని పెద్దగా నవ్వాడు. మోకాలు చెక్కుకుపోయి ఉంది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పకుండా, మోకాలికి కట్టుకొమ్మని డేరా గుడ్డ ముక్క చింపి ఇచ్చాను.

ఊరేగింపు రోజు పొద్దున్నే ఏటి ఒడ్డు మైదానంలో గుర్రాలను నిలబెట్టారు. పన్నెండు మంది కుర్రవాళ్లు అంగీలు తొడుక్కుని, నడికట్లు బిగించి, తలపాగాలు చుట్టి నిలబడితే, నా కుట్టే గదా అని నాకూ గర్వంగా అనిపించింది. ఆఫీసరు గారు చుట్టూ తిరిగి చూసి, "ఆహా, ఇదండీ బట్టంటే!" అన్నారు. మేస్త్రీ మీసం దువ్వుకున్నాడు. ఇంకో గంటలో మేళం బయల్దేరాలి.

"ఎక్కండి" అన్నారు.

మొదటివాడు జీనుకు వేలాడే రికాబులో ఎడమ కాలు పెట్టాడు. మోకాలు పైకి లేచేసరికి ఎడమ చెరగు జారి పాదం మీద పడింది. వాడు పైకి లేవబోయాడు. తన అంగీని తనే రికాబులో తొక్కిపట్టి లేస్తున్నాడు పాపం, ఎట్లా లేస్తాడు? సగంలో వేలాడి, గుర్రం పక్కకు జరిగితే వెల్లకిలా పడ్డాడు. జనం నవ్వారు. రెండోవాడూ పడ్డాడు. మూడోవాడు చెరగును పళ్లతో కరిచి పట్టుకుని ఎక్కబోతే తలపాగా ఊడి గుర్రం కళ్ల మీద పడింది. ఇక నవ్వులు కాదు, కేకలు. ఆఫీసరు గారి ముఖం చూడలేకపోయాను.

నాకు అప్పటికి అర్థమైంది. ఆ నాలుగు వేళ్లూ తప్పు కాదు. ఎడమ పక్క నుంచి గుర్రమెక్కే మనిషి కోసం ఆనాటి దర్జీ కావాలని తగ్గించి కుట్టాడు. నేను పన్నెండు మందిని నేల మీద నిలబెట్టి కొలతలు తీశాను, ఒక్కణ్ణీ గుర్రం పక్కన నిలబెట్టలేదు. ఆనాటివాణ్ణి తాగుబోతు అనుకున్న నేను, ఆ మైదానంలో సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడే ముసలాయన తన గుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు. జుట్కా లేదు, గుర్రం మీద జీను, దాని కింద మేము కుట్టిన మెత్త. స్నానం చేసి, సుర్మా పెట్టుకుని వచ్చాడు. నేను అంగీ తొడిగాను. ఆయన గుండీలు పెట్టుకోలేదు. చెయ్యి చంక కిందికి పోయింది, అక్కడ తడిమింది. తర్వాత వంగి ఎడమ చెరగు అందుకుని, కుడిదాని పక్కన పెట్టి చూశాడు. నా వైపు తలెత్తాడు.

"ఇప్పితివి."

"ఇప్పినా చాచా. బట్ట నిలబళ్యా, పొడి పొడి అయిపాయ. నీతో చెప్పేకి నాకు నోరు రాల్యా" అన్నాను. అంతమందిలో ఏడ్చేశాను.

తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆయన పడిపోయిన కుర్రవాళ్ల వైపు చూశాడు, మేళం వైపు చూశాడు. తన ఎడమ చెరగు మీద నాలుగు వేళ్లు ఆనించి పట్టుకున్నాడు.

"కత్తెర యాడ ఉండాది? ఏడ్చేది మళ్లా ఏడుద్దువు. ముందు నాది కొయ్యి. నాదాన్ని చూసి తక్కినోళ్లవి కొయ్యి."

కోశాను. మిగిలిన పన్నెండూ కోయాలి. దూది అంగీ కోస్తే ఊరుకోదు, కోసిన చోటల్లా దూది ఊడి వస్తుంది, అంచు కట్టాలి. మేస్త్రీ ఒకవైపు, నేను ఒకవైపు డేరా దారంతో దబ్బనాలు ఆడించాం. ముసలాయన మోకాళ్ల మీద కూచుని బట్ట బిగించి పట్టుకున్నాడు. ప్రతి అంగీ కాగానే, "నీది కడతా చాచా, రా" అంటాను. "పిల్లోళ్లది కానీయప్పా, వాళ్లు ముందు పోవల్ల కదా. నేను ఎట్లాగూ ఎనకోణ్ణే" అంటాడు. ఒక్కొక్కడే ఎక్కుతున్నాడు. ఈసారి ఎవడి చెరగూ రికాబులో చిక్కలేదు.

పన్నెండోవాడు ఎక్కాడు. ఆయన అంగీ అంచు పట్టుకుని నేను సగం కట్టానో లేదో, మేళం కదిలింది. "ఒక్క నిమిషం సార్, ఒక్క నిమిషం!" అని పరిగెత్తాను. ఆఫీసరు గారు గడియారం చూపించారు. "ఇప్పటికే ఆలస్యమైందండీ, నేనేం చెయ్యను?" అన్నారు. మేస్త్రీ కూడా, "తిక్కోడా, పద, దావలో ఎవునిదన్నా ఊడితే?" అని పిలుస్తూ ఊరేగింపు వెనక పోయాడు. నేను పోలేదు. తిరిగి వచ్చేసరికి మైదానంలో మిగిలింది ముసలాయన, ఆయన గుర్రం, ఒక టీ బండి.

"పట్టుకునేదా చాచా?" అన్నాను.

"పట్టుకోగాకు."

ఎడమ కాలు రికాబులో పెట్టాడు. కట్టని అంచులోంచి దూది వేలాడుతోంది. ఒక్క ఊపున ఎక్కి కూచున్నాడు. గుర్రం కదల్లేదు. వెనక బండి బరువు లేదు కదా, దానికి ఏం చెయ్యాలో తోచలేదు. ఆయన వంగి దాని చెవిలో ఏదో అన్నాడు. ఒక అడుగు వేసింది, ఇంకోటి వేసింది. మైదానం చుట్టూ ఒకే ఒక్క చుట్టు, నెమ్మదిగా, నడకే. ఊళ్లోంచి మేళం చప్పుడు దూరమవుతోంది. నడుం నిటారుగా పెట్టుకుని, ముందుకే చూస్తూ వచ్చాడు. ఎదురుగా తోక లేదు. టీ బండి ఆమె నోటి మీద చెయ్యి వేసుకుని చూస్తూ నిలబడింది.

దిగాడు. అంగీ విప్పి, మడిచి, నా చేతుల్లో పెట్టాడు.

"పాత పీలికలు పారేస్తివా?"

"లేదు చాచా. షెడ్డులో ఉండాయి."

"అవి ఇయ్యి. మా దాదా చెమట ఆటిలో ఉండాది. దీంట్లో లేదు. ఇది నీకాడే పెట్టుకో. రేపు ఎవురన్నా అడిగితే ఇయ్యి. సరిచెయ్యగాకు."

గోనెసంచి తెచ్చి ఇచ్చాను. దాన్ని ఒళ్లో పెట్టుకుని జుట్కా ఎక్కాడు. ఎప్పటిలాగే గుర్రం వెనక కూచున్నాడు. ఆ తర్వాత స్టాండులో ఎన్నిసార్లు ఎదురుపడినా నమస్తే పెడితే తల ఊపేవాడు. షెడ్డు ముందు మాత్రం జుట్కా ఆపలేదు. రాజధాని హైదరాబాదుకు పోయింది, డేరాలు పీకేశారు, నేను కడపకు వచ్చేశాను. నాకు క్షమాపణ అడిగే ధైర్యం వచ్చేసరికి ఆయన లేడని తెలిసింది.

అబ్బాయిలూ, ఆదివారం రండి. కోడలికి చెప్పాను, కాఫీతో పాటు టిఫినూ పెడుతుంది. అంగీ ఇస్తాను. కావాలంటే విప్పి చూసుకోండి, అది నేను కుట్టిందే, పొరలన్నీ లోపల ఉన్నాయి, మేకతోలు ముక్కలతో సహా. కానీ ముందు మీలో ఒకడు దాన్ని తొడుక్కుని, ఎడమ పక్క నుంచి గుర్రమెక్కి, మైదానం ఒక చుట్టు తిరిగి రావాలి. నేను వచ్చి చూస్తాను. ఎడమ చెరగు అంచు సగమే కట్టి ఉంటుంది, మిగతా సగంలోంచి దూది కనబడుతుంది. ఇన్నేళ్లలో దబ్బనం తీసుకుని దాని ముందు ఎన్నిసార్లు కూచున్నానో లెక్కలేదు. కట్టలేకపోయాను. దాన్ని మీరూ అట్లాగే ఉండనివ్వండి.